ఊహకూ పట్టాలుండాలి



మాది నడికుడి. దాచేపల్లి పక్కన. రైలు ప్రయాణాలు చేసేవాళ్ళకు మా ఊరు జంక్షన్‌గా తెలుసు. గుంటూరు వైపునుంచి వచ్చిన పట్టాలు మా ఊళ్ళో విడిపోతాయి. ఒక దారి గురజాల మీదుగా మాచర్ల పోతుంది. ఇంకో దారి కృష్ణ దాటి హైదరాబాదు వైపు పోతుంది. ఇవాళ నేను చెప్పబోయేది రైళ్ళ సంగతి కాదు. కథల సంగతి. అయినా ఈ పట్టాలు మాత్రం గుర్తుంచుకోండి. వాటితో నాకు పనుంది.

మీకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. 2015 జూలై 10న ‘బాహుబలి’ మొదటి భాగం విడుదలైంది. సినిమా అయిపోతుందనగా కట్టప్ప ఒక్క మాట చెప్పాడు. బాహుబలిని చంపింది తానేనన్నాడు. అంతే, తెర పడింది. రెండో భాగం 2017 ఏప్రిల్ 28న వచ్చింది. మధ్యలో దాదాపు ఇరవై రెండు నెలలు. అన్ని నెలలూ మన ఊళ్ళన్నీ ఒకే ప్రశ్న వేసుకున్నాయి. కట్టప్ప ఎందుకు చంపాడు? టీ కొట్టు దగ్గర అదే. మిరప కళ్ళాల దగ్గర అదే. పెళ్ళి భోజనాల దగ్గరా అదే.

ఆ రోజుల్లో ఓ సాయంత్రం నేను మా స్టేషన్లో మాచర్ల బండి కోసం కూర్చున్నాను. పక్క బెంచీ మీద ఇద్దరు కాలేజీ పిల్లలు. ఒకడన్నాడు: “చంపింది కట్టప్ప కాదురా. కట్టప్ప వేషంలో ఇంకెవరో.” రెండోవాడు ఒప్పుకోలేదు. “వేషం మార్చే విద్య ఉన్నట్టు సినిమాలో ఎక్కడన్నా చూపించాడా?” అని అడిగాడు. మొదటివాడు ఆలోచనలో పడ్డాడు. అప్పుడు రెండోవాడు తన మాట చెప్పాడు. “అస్లాంఖాన్ వచ్చిన ఘట్టం గుర్తు తెచ్చుకో. నిన్ను ఈ బానిసత్వం నుంచి విడిపిస్తానంటాడు. కట్టప్ప ఏమంటాడు? మా తాత ముత్తాతలు ఈ సింహాసనానికి మాటిచ్చారంటాడు. అంటే సింహాసనం చెప్తే కట్టప్ప ఏమైనా చేస్తాడు. చంపమని సింహాసనమే చెప్పుంటుంది.”

రెండో భాగం వచ్చాక చూశాం గదా. చంపమని ఆజ్ఞ ఇచ్చింది రాజమాత శివగామి. పిల్లాడు చెప్పింది అక్షరాలా నిజమైంది. నాకు నచ్చింది వాడి ఊహ నిజం కావడం కాదు. ఒకవేళ తప్పైనా వాణ్ణి మెచ్చుకునేదాన్ని. ఎందుకంటే వాడు పట్టాలు చూపించాడు. బండి ఎటైనా పోవచ్చు. మాచర్లకు పోవచ్చు, హైదరాబాదుకు పోవచ్చు. పట్టాలు లేని చోటికి మాత్రం పోలేదు. కథలో ఊహ కూడా అంతే. మనం ఏం ఊహించినా దానికి ఆ కథలోనే ఎక్కడో పట్టాలు పరిచి ఉండాలి.

ఇవాళ నేను చెప్పదలుచుకున్నది ఈ ఒక్క సంగతే. కథ గురించి వాదించుకుందాం. బాగా వాదించుకుందాం. కాకపోతే ప్రతి మాటకూ ఒక్క ప్రశ్న వేసుకుందాం. పట్టాలెక్కడ?

నేను ముప్పై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పాను. మా మనవడు హైదరాబాదులో చదువుతున్నాడు. వాడు చదివేవి పెద్ద పెద్ద ఇంగ్లీషు నవలలు. ఒక్కొక్కటీ ఇటుకంత మందం. రాజ్యాలు, మంత్రాలు, డ్రాగన్లు. వాటిని ఎపిక్ ఫ్యాంటసీ అంటారట. కాలక్షేపం పుస్తకాలే గదా అని ముందు నేను పట్టించుకోలేదు. అది నా పొరపాటు. పోయిన సంక్రాంతికి వాడూ, వాడి స్నేహితుడూ మా వరండాలో కూర్చుని రాత్రి రెండింటిదాకా వాదించుకున్నారు. జార్జి మార్టిన్ అనే అమెరికా రచయిత కథ మీద ఆ వాదన. మొదటి పుస్తకం 1996లో వచ్చింది. అయిదోది 2011లో వచ్చింది. ఆరోదాని కోసం ఇంకా చూస్తూనే ఉన్నారు.

“ఏరా, అంత గొడవ దేనికి?” అని అడిగాను.

“అమ్మమ్మా, అందులో ఓ కుర్రాడున్నాడు. వాడి తల్లి ఎవరో రచయిత చెప్పడు. పెంచినాయన వాణ్ణి నా కొడుకే అంటాడు. కానీ ఆ పెంచినాయనకు ఓ చెల్లెలు. ఆమె చనిపోతూ అన్న దగ్గర మాట తీసుకుంది. ఏం మాటో మొదటి పుస్తకంలో చెప్పడు. ఊరికే గుర్తు చేస్తుంటాడు” అన్నాడు.

నేను కొంచెంసేపు ఆలోచించాను. “ఆ బిడ్డ చెల్లెలి బిడ్డేమోరా” అన్నాను. ఇద్దరూ ఎగిరి గంతేశారు. ప్రపంచంలో లక్షలమంది పాఠకులు ఊహించింది అదేనట. టీవీ ధారావాహికలో 2016లో ఆ సంగతి తేలింది. మా మనవడు ఇంకో ముచ్చట కూడా చెప్పాడు. ఆ కథను టీవీకి తీస్తామని ఇద్దరు రచయిత దగ్గరికి వెళ్ళారు. ఆయన వాళ్ళను అడిగింది అదే. ఆ కుర్రాడి తల్లి ఎవరు? వాళ్ళు చెప్పగలిగారు, అనుమతి దొరికింది. కథను సరిగ్గా చదివారా లేదా అని చూడటానికి ఆయన అంతకంటే మంచి పరీక్ష పెట్టలేడు. జవాబు ఎక్కడా రాసి లేదు. పట్టాలు మాత్రం మొదటి పుస్తకంలోనే ఉన్నాయి.

ఆ రాత్రి నాకు మా చిన్నప్పటి చందమామ గుర్తొచ్చింది. 1947 జూలైలో మొదలైన పత్రిక అది. నాగిరెడ్డిగారు, చక్రపాణిగారు పెట్టారు. అందులో దాసరి సుబ్రహ్మణ్యంగారి సీరియళ్ళు వచ్చేవి. ‘తోకచుక్క’, ‘కంచుకోట’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’. ఆ పేర్లు తలుచుకుంటేనే ఒళ్ళు జలదరిస్తుంది. వాటికి చిత్రాగారి బొమ్మలు. ఇంగ్లండులో టోల్కిన్ తన ఉంగరాల కథ అచ్చు వేయించింది 1954, 55లలో. మన తెలుగు పిల్లలు కూడా ఆ 1950లలోనే మాంత్రికులు, కొండగుహలు, వింత మృగాలు ఉన్న పెద్ద కథలను నెలనెలా చదువుకున్నారు. ఈ సంగతి మా మనవడికి తెలీదు. చెప్తే నోరు తెరుచుకుని విన్నాడు.

సీరియల్ చదవడమంటే నెలంతా ఎదురుచూడటం. ఒక పుస్తకాన్ని వీధిలో నలుగురం చదివేవాళ్ళం. ఆ తర్వాత నెల రోజులూ ఏం జరుగుతుందోనని కొట్టుకునేవాళ్ళం. అలాంటి ఊహలను థియరీలు అంటారని అప్పుడు మాకు తెలీదు. చేసింది మాత్రం అదే.

చందమామలోనే ఇంకోటుండేది. బేతాళ కథలు. విక్రమార్కుడు చెట్టెక్కి శవాన్ని దించి భుజాన వేసుకుంటాడు. మౌనంగా నడుస్తాడు. శవంలో ఉన్న బేతాళుడు కథ చెప్తాడు. కథ చివర ప్రశ్న వేస్తాడు. ఈ ముగ్గురిలో ఎవరు గొప్ప? ఆ మనిషి అలా ఎందుకు చేశాడు? తెలిసీ చెప్పకపోతే రాజు తల పగిలిపోతుంది. చెప్తే మౌనం పోతుంది, బేతాళుడు మళ్ళీ చెట్టెక్కుతాడు.

ఈ కథ మనకు బాగా తెలుసు. తెలిసిందే గదా అని దాటేస్తాం. ఒక్క క్షణం ఆగి చూడండి. బేతాళుడు చేస్తున్నదేమిటి? కథ చెప్పి, అందులో మనుషుల గురించి చర్చ పెడుతున్నాడు. విక్రమార్కుడు ఏం చేస్తున్నాడు? తన జవాబుకు కారణాన్ని ఆ కథలోంచే చూపిస్తున్నాడు. నేను రాజును గనక నా మాటే రైటు అని ఒక్కసారి కూడా అనలేదు. కథలో ఫలానా మనిషి ఫలానా పని చేశాడు గనక అతనే గొప్ప అన్నాడు. అంటే పట్టాలు చూపించాడు. అంత పరాక్రమం ఉన్న రాజు కూడా కథ ముందు వినయంగా నిలబడ్డాడు.

ఇక మంత్రాల సంగతి. మా మనవడు ఓ మాట వాడాడు. మ్యాజిక్ సిస్టమ్. “అంటే ఏంట్రా?” అన్నాను. “కథలో మాయ ఎలా పనిచేస్తుందో దానికో పద్ధతి ఉండాలమ్మమ్మా” అన్నాడు. బ్రాండన్ శాండర్సన్ అని ఓ రచయిత ఉన్నాడట. ఆయన 2007లో ఓ సూత్రం రాశాడు. మంత్రం ఎలా పనిచేస్తుందో చదివేవాడికి ఎంత బాగా తెలిస్తే, రచయిత ఆ మంత్రంతో చిక్కులను అంత బాగా విప్పగలడు. తెలియని మంత్రాన్ని చివర్లో తెచ్చి కథను గట్టెక్కిస్తే చదివేవాడికి మోసపోయినట్టుంటుంది.

నేను వాడికి వంటింట్లోంచి జవాబు చెప్పాను. మా పల్నాట్లో పండుమిరప పచ్చడి పడతాం. ఎర్రటి పండుమిరపకాయలు, చింతపండు, ఉప్పు. చూసేవాళ్ళ కళ్ళకు మిరపకాయే కనపడుతుంది. పచ్చడిని ఏడాది నిలబెట్టేది మాత్రం ఉప్పు. ఉప్పు తగ్గిందో, వారంలో బూజు పడుతుంది. కథలో మాయ మిరపకాయ లాంటిది. ఎర్రగా మెరుస్తుంది. దానికి ఉప్పేమిటి? కట్టుబాటు. ఈ మంత్రం ఇక్కడిదాకే పనిచేస్తుంది, దీనికి ఇంత ఖరీదు కట్టాలి అనే కట్టుబాటు. అది లేని మాయ నిలవుండదు.

బేతాళుడి కథలో ఉప్పు చూడండి. మాట్లాడితే ఒక నష్టం. మాట్లాడకపోతే ఒక నష్టం. రెండు వైపులా గడియ వేసేశాడు కథకుడు. అందుకే అన్ని వందల కథలు చెప్పినా ఆ చట్రం చెడిపోలేదు.

ఇంకో ఉదాహరణ. ‘పాతాళ భైరవి’. 1951లో వచ్చింది. కె.వి. రెడ్డిగారి దర్శకత్వం, పింగళి నాగేంద్రరావుగారి రచన. అందులో కట్టుబాటు ఒక్కటే. పాతాళ భైరవి బొమ్మ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ కోరిక తీరుస్తుంది. వాళ్ళు మంచివాళ్ళా చెడ్డవాళ్ళా అని చూడదు. ఆ బొమ్మ కావాలంటే ఒక సాహసవంతుణ్ణి బలి ఇవ్వాలి. నేపాళ మాంత్రికుడు తోట రాముణ్ణి తెచ్చింది అందుకే. సంగతి తెలిసి రాముడు మాంత్రికుణ్ణే బలి ఇచ్చాడు. బొమ్మ దొరికింది, మేడ వచ్చింది, రాజకుమారితో పెళ్ళి కుదిరింది. తర్వాత మాంత్రికుడు మళ్ళీ బతికాడు, అదే బొమ్మ అతని చేతికి పోయింది. మేడ మాయమైంది, రాజకుమారి మాయమైంది. చూసేవాళ్ళు అదేమిటి అని అడగలేదు. ఏ కట్టుబాటు రాముణ్ణి పైకి తెచ్చిందో అదే కట్టుబాటు వాణ్ణి కింద పడేసింది. ఆ పట్టాలు ముందే పరిచి ఉన్నాయి. చిన్నపిల్లలకు కూడా అర్థమైంది.

మా మనవడు అప్పుడన్నాడు: “అమ్మమ్మా, మీకు మ్యాజిక్ సిస్టమ్ ముందే తెలుసు. పేరే తెలీదు.” ఆ మాటకు నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. రాబర్ట్ జోర్డాన్ అనే రచయిత పెద్ద ఫ్యాంటసీ కథ రాస్తూ రాస్తూ 2007లో చనిపోయాడు. ఆయన రాసిపెట్టుకున్న కాగితాలు చూసి శాండర్సన్ మిగతా కథను మూడు పుస్తకాలుగా పూర్తి చేశాడు. ఏ మాట ఎవరిదని పాఠకులు ఇప్పటికీ వెతుక్కుంటారట. నాకు వెంటనే మన తెలుగు భారతంలోని అరణ్యపర్వం గుర్తొచ్చింది. నన్నయగారు మధ్యలో ఆపేశారు. తిక్కనగారు దాన్ని ముట్టుకోకుండా విరాటపర్వం నుంచి మొదలుపెట్టారు. మిగిలిన అరణ్యపర్వాన్ని ఎర్రనగారు పూర్తి చేశారు. మన పండితులు ఆ అతుకు దగ్గర కూర్చుని వందల ఏళ్ళుగా మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఇష్టమైన కథ మీద మనిషికుండే ప్రేమ ఎక్కడైనా ఒకటే.

ఇప్పుడు మన ఇంటి కథకు వస్తాను. పల్నాటి వీరుల కథ. పన్నెండో శతాబ్దంలో జరిగిన యుద్ధం. గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవరాజు. ఇటు నాయకురాలు నాగమ్మ, అటు బ్రహ్మనాయుడు. కోడిపందెంలో ఓడిన మాచర్లవాళ్ళు ఏడేళ్ళు వలస పోయారు. గడువు తీరాక రాజ్యం అడిగారు. ఇవ్వలేదు. కారెంపూడిలో యుద్ధం జరిగింది. శ్రీనాథుడి పేర ఉన్న ద్విపద కావ్యాన్ని అక్కిరాజు ఉమాకాంతంగారు 1911లో అచ్చు వేయించారు. వీరవిద్యావంతులు నోటితో పాడే కథ అంతకంటే పెద్దది. 1970లలో జీన్ రోగేర్ అనే అమెరికా పరిశోధకుడు వచ్చి, అలిసెట్టి గాలెయ్యగారు పాడగా విని రికార్డు చేసుకున్నాడు. దాన్ని ఇంగ్లీషులోకి మార్చి 1982లో పుస్తకంగా తెచ్చాడు.

ఇది మాకు వినోదం కాదు. ఇది ఆరాధన. కారెంపూడిలో వీరుల గుడి ఉంది. వీరుల ఆయుధాలను కొణతాలంటారు. వాటికి నాగులేటిలో స్నానం చేయిస్తారు. ఆ భక్తిని మనసులో ఉంచుకునే ఈ మాటలు చెప్తున్నాను. అయితే భక్తి ఉన్నచోట చర్చ ఉండకూడదని ఎవరన్నారు? మా ఊళ్ళో అరుగుల మీద ఈ కథ మీద జరిగినంత వాదన ఏ నవల మీదా జరిగి ఉండదు.

నాగమ్మ మంచిదా చెడ్డదా? ఇది మొదటి ప్రశ్న. యుద్ధానికి కారణం ఆమేనంటారు కొందరు. ఇంకొందరు ఆమె తన రాజు పక్షాన నిలబడ్డ మంత్రి అంటారు. మంత్రి పని మంత్రి చేసిందంటారు. ఆ రోజుల్లో ఓ ఆడమనిషి రాజ్యం నడిపిందంటే సామాన్యమా అంటారు. నా మాట అడిగితే, నేను ఆ రెండో బెంచీలో కూర్చుంటాను. ఈ కథను రెండుసార్లు ‘పల్నాటి యుద్ధం’ పేరుతోనే సినిమా తీశారు. 1947లో కన్నాంబగారు నాగమ్మ. 1966లో భానుమతిగారు నాగమ్మ. అంతటి నటీమణులను పిలిచి ఇచ్చారంటే అది ఒట్టి దుష్టపాత్ర కాదనే గదా. కానీ ఇక్కడ నన్ను నేను ఆపుకోవాలి. సినిమా వాళ్ళు ఎవరిని పెట్టుకున్నారన్నది కథలోని సాక్ష్యం కాదు. అది పట్టాలు కాదు. పట్టాలు కావాలంటే కథలోకే వెళ్ళాలి.

అయితే అలరాజు దగ్గరికి వెళ్దాం. అలరాజు మాచర్ల పక్షం రాయబారి. చర్లగుడిపాడులో విషం పెట్టి చంపారు. అతని భార్య పేరమ్మ ఎవరు? నలగామరాజు కూతురు. అంటే చనిపోయింది సొంత అల్లుడు. నలగామరాజుకు తెలిసి జరిగిందా, తెలియక జరిగిందా? కూతురి పసుపు కుంకుమలు పోతాయని తెలిసి ఏ తండ్రైనా ఒప్పుకుంటాడా? ఒప్పుకోకపోతే నేరం చేసినవాళ్ళను ఎందుకు శిక్షించలేదు? నేను పదో తరగతిలో ఈ ప్రశ్న వేసేదాన్ని. గంట కొట్టినా పిల్లలు లేచేవాళ్ళు కాదు. ఒకసారి ఒక అమ్మాయి లేచి అంది: “టీచర్, ఆయన శిక్షించకపోవడమే సాక్ష్యం.” ఒక అబ్బాయి వెంటనే అన్నాడు: “రాజు బలహీనుడైనా శిక్షించడు టీచర్. కోడిపందెం దగ్గర్నుంచీ ఆయన మాట ఎక్కడ చెల్లింది?” ఇద్దరూ పట్టాలు చూపించారు. దారులు వేరు. ఎవరికి మార్కులు తగ్గించను?

బ్రహ్మనాయుడి సంగతి ఇంకా వింత. యుద్ధం అయ్యాక ఆయన పిడుగురాళ్ళ దగ్గర గుత్తికొండ బిలంలోకి వెళ్ళాడని మా వాళ్ళ నమ్మకం. లోపల తపస్సులో ఉన్నాడంటారు. ఎనిమిది వందల ఏళ్ళకు పైగా కథ వింటున్న మనుషులు, తమకు ఇష్టమైనవాణ్ణి చావనివ్వలేదు. మా మనవడి నవలల్లో కూడా అంతేనట. నచ్చినవాడు చనిపోతే, ఎక్కడో బతికున్నాడని పాఠకులు ఆధారాలు వెతుకుతారట.

సరే. మీరు ఇంట్లో ఏం చేయొచ్చో చెప్తాను. పిల్లలు ఓ కథ చదివారనుకోండి, సినిమా చూశారనుకోండి. వెంటనే నీతి ఏమిటని అడక్కండి. నీతి అడిగితే పిల్లలు మనకు నచ్చే జవాబు వెతుక్కుంటారు. వాడు అలా ఎందుకు చేశాడంటావు అని అడగండి. ఏదో ఒకటి చెప్తారు. అప్పుడు రెండో ప్రశ్న. నీకెలా తెలిసింది? కథలో ఎక్కడుంది? అంతే. పట్టాలెక్కడ అని అడగండి. గొంతు పెంచినవాడు గెలవకూడదు. పెద్దవాడు గనక గెలవకూడదు. మనకే పట్టాలు దొరక్కపోతే, దొరకలేదని మనం ఒప్పుకోవాలి. ఇంకొక్క మాట. చివరిదాకా చదివినవాళ్ళు చదవనివాళ్ళ ముందు నోరు బిగబట్టుకోవాలి. మా చందమామ రోజుల్లో ముందుగా చదివేసి చెప్పేసేవాణ్ణి రెండు రోజులు ఆటలోకి రానిచ్చేవాళ్ళం కాదు.

ఈ అలవాటు కథ దగ్గరే ఆగదు. పక్కింటివాళ్ళ మీద ఎవరో ఏదో అన్నారని మోసుకొచ్చినప్పుడు, నేర్చుకున్న పిల్ల అదే ప్రశ్న వేస్తుంది. నీకెలా తెలుసు అని.

ఇక ఒక ప్రశ్న మీకే వదిలిపెడతాను. కారెంపూడి ఉత్సవాలు కార్తీక అమావాస్యకు మొదలవుతాయి. అయిదు రోజులు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు. కథలో చూస్తే కోడిపందెం ముందు, రాయబారం తర్వాత. ఉత్సవంలో రాయబారం రెండో రోజు, కోడిపోరు నాలుగో రోజు. ఈ వరస ఎందుకు మారింది? మా మనవడికి చెప్తే రాత్రంతా ఆలోచించాడు. పొద్దున్నే లేచి, “నాకో థియరీ ఉందమ్మమ్మా” అన్నాడు. పట్టాలెక్కడరా అని అడిగాను. ఈసారి అమావాస్యకు వస్తానన్నాడు. అయిదు రోజులూ కారెంపూడిలో ఉండి, పాడేవాళ్ళ పక్కన కూర్చుని వింటాడట. ఆ తర్వాతే చెప్తాడట.